కార్బన్ ఫ్రేమ్ టాప్ ట్యూబ్‌పై పగులు: మరమ్మతు చేయించి మళ్లీ తొక్కవచ్చా?

కొల్లూరు రైడర్, హైదరాబాద్:

అందరికీ నమస్కారం. నా దగ్గర ఆరేళ్ల నాటి కార్బన్ ఫైబర్ రోడ్ బైక్ (రోడ్డు మీద వేగంగా తొక్కే సైకిల్) ఉంది. ఇప్పటికి దాని మీద దాదాపు 18,000 కిలోమీటర్లు తిరిగాను. ఈ మధ్య ఎక్కువగా తొక్కుతున్నది ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023 అక్టోబరులో తెరిచిన 23 కిలోమీటర్ల సోలార్ పైకప్పు సైకిల్ ట్రాక్ మీదే. 200 కిలోమీటర్ల బ్రెవేలు (నిర్ణీత గడువులోగా పూర్తి చేయాల్సిన దూరపు సైకిల్ ప్రయాణాలు) కూడా మూడు పూర్తి చేశాను.

రెండు వారాల కిందట సర్వీసు రోడ్డు మలుపులో ఇసుక మీద ముందు చక్రం జారి పడిపోయాను. మోచేయి గీసుకుపోవడం తప్ప నాకేమీ కాలేదు. అయితే పడినప్పుడు హ్యాండిల్‌బార్ గిర్రున తిరిగి, బ్రేక్ లివర్ కొన టాప్ ట్యూబ్‌కు (సీటు నుంచి హ్యాండిల్ వైపు పైన పోయే గొట్టానికి) గట్టిగా తగిలింది. ఇంటికి వచ్చి తుడిచి చూస్తే, హెడ్ ట్యూబ్‌కు (హ్యాండిల్ కింద నిలువుగా ఉండే ముందు గొట్టానికి) జానెడు దూరంలో, ట్యూబ్ ఎడమ పక్కన 3 సెంటీమీటర్ల పొడవున ఒక గీత కనిపించింది. దాని చుట్టూ పెయింటు సాలెగూడులా చిట్లింది. బొటనవేలితో నొక్కితే అక్కడ ట్యూబ్ కొద్దిగా లోపలికి పోతున్నట్టుంది, సన్నగా కిర్రుమంటోంది కూడా. అదే బలంతో కుడి పక్క నొక్కితే రాయిలా ఉంది.

ఒక దుకాణంలో చూపిస్తే, కార్బన్‌కు మరమ్మతు అంటూ ఉండదు, ఫ్రేమ్ పారేసి కొత్తది కొనుక్కోమన్నారు. మరోచోట రెండు ట్యూబుల ఎపాక్సీ జిగురు కలిపి పూసి, పైన స్టిక్కరు అంటించి ఇస్తామన్నారు. ఈ రెండు మాటల్లో దేన్నీ నమ్మలేకపోతున్నాను. ఈ ఫ్రేమ్ కోసం ఏడాదిన్నర పాటు డబ్బు కూడబెట్టాను కాబట్టి ఊరికే పారేయలేను. అలాగని, దిగుడులో గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోతున్నప్పుడు కింద ట్యూబ్ విరిగితే ఏమవుతుందో ఊహించుకోకుండానూ ఉండలేను.

తెలిసినవారు మూడు సంగతులు చెప్పగలరు. ఇది పెయింటు వరకే ఉన్న పగులా, లోపలికి దిగిందా అన్నది ఇంట్లోనే తేల్చుకోవడం ఎలా? సరైన మరమ్మతు చేసిన ఫ్రేమ్‌ను నమ్మి తొక్కవచ్చా? మే నెల ఎండలో కారులో పెట్టిన కార్బన్ ఫ్రేమ్ బలహీనపడుతుందా? చైన్ పడిపోయినప్పుడు చైన్ స్టే (పెడళ్ల దగ్గర నుంచి వెనక చక్రం ఇరుసు దాకా పోయే గొట్టం) మీద పడిన ఒక పాత గాటు కూడా ఉంది. దాని గురించీ కొద్దిగా బెంగగానే ఉంది.


కాంపోజిట్ ఇంజినీరు, బెంగళూరు:

విషయం తేలేవరకు ఆ సైకిల్ ఎక్కకండి. ఇంటి ముందు వీధిలో ఒక చుట్టు కూడా వద్దు. వేలికి మెత్తగా తగిలి, కిర్రుమంటోందంటే అది పెయింటు పగులు కాదు. లోపల పొరలు ఒకదాన్నుంచి ఒకటి విడిపోయాయి.

నేను పద్నాలుగేళ్లుగా విమాన భాగాల కాంపోజిట్ (పోగులు, రెసిన్ కలిపి చేసే పదార్థం) పనిలో ఉన్నాను, సెలవు రోజుల్లో సైకిల్ తొక్కుతాను. కార్బన్ గాజులాంటిదని భయపడేవారినీ, దానికి చావే లేదని నమ్మేవారినీ రోజూ చూస్తుంటాను. ఆ పదార్థం పనిచేసే తీరు తెలిస్తే ఈ రెండు అపోహలూ పోతాయి కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

కార్బన్ పోగు ఒక్కొక్కటి 5 నుంచి 7 మైక్రాన్ల మందం ఉంటుంది, అంటే తలవెంట్రుకలో సుమారు పదో వంతు. లాగుడుకు దాని బలం అపారం. సైకిల్ ఫ్రేముల్లో విరివిగా వాడే టోరే సంస్థ వారి టీ700 రకం పోగు తెగాలంటే 4,900 మెగాపాస్కల్‌ల లాగుడు కావాలి. కానీ పోగు ఒంటరిగా తోపుడును భరించలేదు. చీపురు కట్టను తలకిందులుగా నిలబెట్టి పైనుంచి అదిమి చూడండి. కట్టు బిగువుగా ఉన్నంతసేపు కట్ట మొత్తం ఒకే కర్రలా నిలబడుతుంది, కట్టు సడలగానే ఏ పుల్లకు ఆ పుల్ల పక్కలకు వంగిపోతుంది. ఫ్రేమ్‌లో ఆ కట్టు పని చేసేది ఎపాక్సీ రెసిన్. మీ టాప్ ట్యూబ్‌లో దెబ్బ తగిలిన చోట కొన్ని పుల్లలు విరిగాయి, అంతకంటే ఎక్కువ మేర కట్టు సడలింది. వేలికి తెలుస్తున్న మెత్తదనం ఆ సడలిన కట్టుదే.

ఇక మన్నిక సంగతి. పదేపదే పడే భారానికి అలసిపోయి విరగడంలో లోహాలకూ కార్బన్‌కూ చాలా తేడా ఉంది. ఉక్కుకు ఒక హద్దు ఉంటుంది. భారం ఆ హద్దు లోపల ఉంటే ఎన్నిసార్లు పడినా అది అలసిపోదు. అల్యూమినియానికి అలాంటి హద్దు లేదు, చిన్న భారమైనా లెక్కలేనన్నిసార్లు పడితే ఎప్పటికో ఒకప్పటికి పగులుతుంది. అందుకే అల్యూమినియం ఫ్రేములను కావాలని లావుగా, బిర్రుగా చేస్తారు. చక్కగా తయారైన కార్బన్ ట్యూబ్‌ను తొక్కుడు భారం అలసిపోయేలా చేయడం చాలా కష్టం. 1997లో జర్మనీకి చెందిన టూర్ అనే సైకిల్ పత్రిక 12 ఖరీదైన ఫ్రేములను యంత్రం మీద పెట్టి తొక్కుడు భారంతో పరీక్షింపజేసింది. 2,00,000 ఆవృత్తులు పూర్తయ్యేవరకు పగలకుండా నిలిచినవి మూడే. వాటిలో రెండు అల్యూమినియంవి, ఒకటి ట్రెక్ కంపెనీ వారి కార్బన్ ఫ్రేమ్. ఉక్కు, టైటానియం ఫ్రేములు అంతకు ముందే పగిలాయి. పదార్థం పేరు కంటే దాన్ని మలచిన పద్ధతే ముఖ్యమని నాకు దీని వల్ల రూఢి అయింది. కాబట్టి మీరు తిరిగిన 18,000 కిలోమీటర్ల గురించి బెంగ అవసరం లేదు.

కార్బన్ బలహీనత వేరేచోట ఉంది. ఉక్కు విరిగేముందు ఎంతో సాగుతుంది, వంగుతుంది, కంటికి కనబడి హెచ్చరిస్తుంది. కార్బన్ పోగు తెగేలోపు సాగేది సుమారు 2 శాతమే. పైగా రోడ్ ఫ్రేమ్ టాప్ ట్యూబ్ గోడ చాలాచోట్ల ఒక మిల్లీమీటరుకు అటూ ఇటూ ఉంటుంది. నిలువునా మీ బరువు మోయడానికి అది చాలినంత బలమే, కానీ పక్క నుంచి లివర్ కొన గుచ్చితే ఆ దెబ్బ కోసం లెక్కగట్టిన పొరలు అక్కడ ఉండవు. దెబ్బ తగిలినప్పుడు చీలిక పొరల మధ్యనుంచి లోపలికి పోయే కొద్దీ వెడల్పవుతుంది. పైన గోరంత మచ్చ, కింద అరచేయంత గాయం ఉండవచ్చు. విమానాల తనిఖీలో మేము అన్నిటికంటే ఎక్కువగా భయపడేది ఇలా కనీ కనబడని దెబ్బలకే.

ఇంట్లో ఎలా చూడాలంటే, 400 నంబరు ఉప్పుకాగితాన్ని నీటిలో తడిపి, గీత చుట్టూ రెండంగుళాల మేర పెయింటు పొర వరకే ఓపికగా గీకండి. పెయింటు రంగు పోయి నల్లని నీరు కారడం మొదలైతే పోగుల దాకా వచ్చేశారని అర్థం, అక్కడితో ఆపేయాలి. శుభ్రంగా కడిగి, ఆరాక, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో ఒకసారి తుడవండి. పైనున్న ఆల్కహాల్ క్షణాల్లో ఆవిరైపోతుంది. పగులులోకి దిగినది మాత్రం కొంతసేపు తడి గీతలా మిగులుతుంది. పగులు అసలు పొడవు అదే. తరువాత రూపాయి బిళ్ల అంచుతో తట్టుతూ రండి. కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి వింటాం కదా, ఇదీ అంతే. బాగున్న చోట పదునుగా టక్కుమంటుంది, పొరలు విడిన చోట అట్టముక్క మీద కొట్టినట్టు మొద్దుగా పలుకుతుంది. గోడ మందం మారే చోట కూడా శబ్దం మారుతుంది కనుక, ఎడమ పక్క తట్టిన ప్రతి చోటుకూ సరిగ్గా ఎదురుగా కుడి పక్క తట్టి పోల్చుకోండి. శబ్దం మారిన హద్దును పెన్సిలుతో గుర్తించండి. చైన్ స్టే గాటుకూ ఇదే పద్ధతి. అక్కడ శబ్దం మారకుండా, దూదితో తుడిచినప్పుడు పోచలు చిక్కుకోకుండా ఉంటే అది పెయింటు దెబ్బే.

ఎండ గురించి: కర్మాగారంలో ఫ్రేములను సాధారణంగా 120 డిగ్రీలు, ఆపైన వేడిలో గట్టిపరుస్తారు. మే నెలలో మూసిన కారు ఎంత కాగినా ఆ రెసిన్ మెత్తబడే స్థాయికి చేరదు. మరమ్మతు చేసిన చోటు సంగతి మాత్రం వేరు. అది చేసేవారు చెప్పాల్సిన విషయం, తప్పకుండా అడగండి.

మీరు అడగనిది ఒకటి చెప్తాను. ముందు చక్రం మీద పడ్డారు. ఫోర్క్ (ముందు చక్రాన్ని పట్టే రెండు కాళ్ల భాగం) విప్పి, స్టీరర్ ట్యూబ్‌ను (ఫోర్క్ నుంచి హెడ్ ట్యూబ్ లోపలగా పైకి పోయే గొట్టాన్ని), ముఖ్యంగా స్టెమ్ (హ్యాండిల్‌బార్‌ను స్టీరర్‌కు పట్టించే ముక్క) బిగించిన చోటును వెలుతురులో తిప్పి తిప్పి చూడండి. టాప్ ట్యూబ్ విరిగితే చాలాసార్లు ఆగడానికి కాస్త సమయం దొరుకుతుంది. స్టీరర్ విరిగితే చేతిలో హ్యాండిల్‌బార్ మాత్రమే మిగులుతుంది.


ఉక్కు ఫ్రేమ్ అభిమాని, విజయవాడ:

ఇంజినీరు గారు చెప్పిన శాస్త్రంతో నాకు పేచీ లేదు. నేను చెప్పదలచింది వాడకం గురించి. నేను పదకొండేళ్లుగా క్రోమోలీ (క్రోమియం, మాలిబ్డినం కలిపిన) ఉక్కు ఫ్రేమ్ మీద దూరప్రయాణాలు చేస్తున్నాను. ఒకసారి వెనక చైన్ స్టే డ్రాపౌట్ (చక్రం ఇరుసు కూర్చునే గాడి) దగ్గర పగిలింది. ఆటోనగర్‌లో ఇత్తడితో అతుకు వేసే ఒక మేస్త్రి దగ్గరకు తీసుకెళితే, మధ్యాహ్నానికల్లా పని అయిపోయింది. సన్నని గోడ కాబట్టి మామూలు ఆర్క్ వెల్డింగు పెట్టవద్దని చెప్పాను. ఆయనకు ఆ సంగతి నాకంటే బాగా తెలుసు. ఆ అతుకు మీద ఇప్పటికి నాలుగేళ్లు తిరిగాను.

మన ఊళ్లలో సైకిల్ రైలెక్కుతుంది, లారీ మీద తాళ్లతో కట్టబడుతుంది, లాడ్జి మెట్ల మీద దొర్లుతుంది. ఇంజినీరు గారు చెప్పిన పక్క దెబ్బలు అక్కడే తగులుతాయి, తొక్కేటప్పుడు కాదు. 600 కిలోమీటర్ల బ్రెవేలో రెండో రాత్రి వెలుతురు లేని చోట సైకిల్ పడిపోతే, ఉక్కు ఫ్రేమ్‌ను చేత్తో తడిమి చూసి ముందుకు పోగలను. కార్బన్ అయితే ఆ తనిఖీ అక్కడ కుదరదు. ఉదయం ట్రాక్ మీద 40 కిలోమీటర్లు తొక్కి ఇంటికి వచ్చేవారికి కార్బన్ హాయిగా ఉంటుంది, దాన్ని కాదనను. మీ మనసు బ్రెవేల వైపు మళ్లుతుంటే మాత్రం, మరమ్మతుకు పెట్టే డబ్బుతో పాత ఉక్కు ఫ్రేమ్ దొరుకుతుందేమో ఒకసారి ఆలోచించండి.


ఫైబర్ పనివాడు, విశాఖపట్నం:

నేను మొదట ఫిషింగ్ హార్బర్‌లో ఫైబర్ తెప్పల పని నేర్చుకున్నాను. తరువాత కార్బన్ సైకిల్ ఫ్రేముల మరమ్మతులోకి వచ్చాను. కార్బన్‌కు మరమ్మతు లేదన్న మాట తప్పు. ఫ్రేమ్ పుట్టిందే పొర మీద పొర వేసి గట్టిపరచడం వల్ల. పాడైన మేర తీసేసి, అదే వరసలో కొత్త పొరలు వేసి మళ్లీ గట్టిపరచవచ్చు. జిగురు పూసి స్టిక్కరు వేయడం అంతకంటే పెద్ద తప్పు. జిగురు పగులు నోరు మూస్తుందే కానీ, తెగిన పోగుల పని చేయదు. స్టిక్కరు పడితే పగులు పెరుగుతున్నా కనిపించదు.

పని ఎలా జరగాలో చెప్తాను. మీరు ఎవరి దగ్గర చేయించినా, ఇవి అడిగి తెలుసుకోండి.

నాణెంతో గుర్తించిన హద్దు లోపల విరిగిన పోగులన్నీ తీసేయాలి. పగులు మీదనే గుడ్డ చుట్టేసే వారున్నారు. పైకి అందంగా ఉంటుంది, లోపల విడిపోయిన పొరలు అలాగే కదులుతుంటాయి. తీసేశాక ఆ హద్దు నుంచి బయటికి ఏటవాలుగా అరగదీయాలి. గోడ మందానికి కనీసం ఇరవై రెట్ల వెడల్పు వాలు నేను తీస్తాను, అంటే మిల్లీమీటరు గోడకు ప్రతి వైపునా 2 సెంటీమీటర్లు. కొత్త పొరకూ పాత పొరకూ మధ్య భారం చేతులు మారేది ఆ వాలు మీదే కాబట్టి, అక్కడ పిసినారితనం పనికిరాదు.

నాకు ఈ పనిలో అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం అదే. ఉల్లిపాయను ఏటవాలుగా కోస్తే పొరపొర కనిపించినట్టు, వాలు మీద ఒక్కో పొరా ఒక్కో గీతగా బయటపడుతుంది. దీపం పక్కనుంచి పట్టి చూస్తే, ఒక పొర పోగులు ట్యూబ్ వెంట నిలువుగా మెరుస్తాయి, దాని కిందిది 45 డిగ్రీలు ఒక వైపు వాలి ఉంటుంది, ఆ కిందిది రెండో వైపు. నిలువు పోగులు వంపును ఆపుతాయి, వాలు పోగులు మెలికను ఆపుతాయి. ఆ వరసను కాగితం మీద రాసుకుని, కొత్త పొరలను అదే దిశలో కత్తిరించుకుంటాను. ఏ ఫ్రేమ్ తయారీదారూ తన పొరల పటాన్ని మనకు ఇవ్వడు; ఈ వాలు మీద చదువుకోవాల్సిందే.

రెసిన్, హార్డెనర్‌లను కంటి అంచనాతో కాదు, తయారీదారు చెప్పిన పాళ్లలో త్రాసు మీద తూచి కలపాలి. పొరలు వేశాక వాటిని బిగించి నొక్కకపోతే మధ్యలో గాలి బుడగలు, అదనపు రెసిన్ మిగిలి బరువు పెరుగుతుంది, బలం తగ్గుతుంది. పైన పీల్ ప్లై గుడ్డ (రెసిన్ గట్టిపడ్డాక ఊడదీసే గుడ్డ) చుట్టి, దాని మీద జిగురు వైపు బయటికి ఉండేలా టేపును లాగి లాగి చుట్టి, సూదితో దగ్గర దగ్గరగా రంధ్రాలు పొడుస్తాను. ప్రతి రంధ్రం నుంచి తేనెబొట్టులా రెసిన్ పైకి ఉబికితే నొక్కుడు సరిపోయినట్టు. వంకర టింకర చోట్ల వాక్యూమ్ సంచి వాడాలి.

ఇక ఇంజినీరు గారు వదిలిన ప్రశ్న. చేత్తో వేసే ఎపాక్సీని గది వేడిలోనే వదిలేస్తే, చాలా రకాలు 50 నుంచి 60 డిగ్రీల దగ్గర మెత్తబడటం మొదలుపెడతాయి. నల్లని ఫ్రేమ్ మన మే నెల ఎండలో ఆ వేడికి చేరగలదు. కాబట్టి 24 గంటలు ఆరాక, ఫ్రేమ్‌ను పెట్టెలో పెట్టి, థర్మామీటరు చూస్తూ మెల్లగా 80 డిగ్రీల దాకా తీసుకెళ్లి, కొన్ని గంటలు ఉంచి, మళ్లీ మెల్లగా చల్లార్చాలి. చల్లని దేశాల్లో చేసిన వీడియోలు చూసి ఈ మెట్టు దాటవేసేవారున్నారు. మన వాతావరణంలో దాన్ని దాటవేయకూడదు. వానాకాలంలో మా విశాఖలో మరో చిక్కుంది. గాలిలోని తేమ వల్ల, గట్టిపడుతున్న రెసిన్ మీద నూనె రాసినట్టు సన్నని జిడ్డు పొర తేలుతుంది. దాన్ని నీటితో కడిగి, రుద్ది తీయకుండా పైన ఏది వేసినా తరువాత పెచ్చులూడుతుంది.

చివర యూవీని ఆపే క్లియర్ కోటు తప్పనిసరి, ఎపాక్సీకి ఎండలోని అతినీలలోహిత కిరణాలు పడవు. మీ గాయంలాంటిదానికి ఫ్రేమ్ బరువు 40, 50 గ్రాములు పెరగవచ్చు. ఫోర్కులు, హ్యాండిల్‌బార్లు, సీట్ పోస్టులు నేను ఒప్పుకోను. అవి విరిగితే మనిషి నేరుగా ముఖం మీద పడతాడు, పైగా కొత్తది దొరుకుతుంది.

ఇంట్లో చేసుకుందామనుకునేవారికి ఒక్క మాట: కార్బన్ దుమ్ము ఊపిరితిత్తులకూ చర్మానికీ చేటు. మంచి మాస్కు, చేతితొడుగులు, తడిగా అరగదీయడం తప్పనిసరి. ఆ దుమ్ముకు కరెంటు ప్రవహించే గుణం ఉంది, కంప్యూటరున్న గదిలో ఆ పని పెట్టుకోకండి. మొదటి పని మీరు తొక్కే ఫ్రేమ్ మీద చేయకండి, పారేసిన ట్యూబు మీద చేసి, దాన్ని విరగ్గొట్టి చూడండి.

విజయవాడ మిత్రులు చెప్పిన రైలు, లారీల సంగతి మాత్రం అక్షరాలా నిజం. నా దగ్గరకు వచ్చే ఫ్రేముల్లో తొక్కుతూ విరిగినవి కొద్దే. కారు ర్యాక్ దవడల మధ్య నలిగినవి, స్టాండులో టాప్ ట్యూబ్‌ను పట్టి బిగించినవి ఎక్కువ. స్టాండులో ఎప్పుడూ సీట్ పోస్టును పట్టించండి.


వారాంతపు సైక్లిస్టు, ఫ్రీమాంట్, కాలిఫోర్నియా:

విశాఖ మిత్రుల వివరణ చదివి చాలా సంతోషం కలిగింది. ఇక్కడ ఇది కొత్త పని కాదు. 1991లో అమెరికా సైకిల్ పందెగాడు గ్రెగ్ లెమాండ్ జట్టుకు కార్బన్ ఫ్రేములు తయారు చేసి ఇచ్చిన క్రెయిగ్ కాల్ఫీ గారి సంస్థ, ఇక్కడి శాంటా క్రూజ్ దగ్గరలో, 2001లోనే అన్ని కంపెనీల కార్బన్ ఫ్రేములకూ మరమ్మతులు చేయడం మొదలుపెట్టింది. నా డౌన్ ట్యూబ్ (హెడ్ ట్యూబ్ నుంచి కిందికి పెడళ్ల దాకా పోయే గొట్టం) మరమ్మతు అయిన చోట, పని ముందూ తరువాతా అల్ట్రాసౌండ్‌తో గోడను చదివి చూపించారు. నాణెం చెవికి చెప్పేదాన్ని అది తెర మీద చూపిస్తుంది. ఆ సదుపాయం మీకు అందుబాటులో ఉంటే వాడుకోండి.

మన్నిక గురించి ఒక పాత పాఠం చెప్పాలి. లెమాండ్ 1986లో టూర్ ద ఫ్రాన్స్ గెలిచిన కాలం నాటి కార్బన్ ఫ్రేముల్లో చాలావాటికి కార్బన్ ట్యూబులను అల్యూమినియం లగ్గుల్లో (ట్యూబుల కొనలను కలిపే తొడుగుల్లో) జిగురుతో అతికేవారు. వాటిలో ట్యూబులు చెడకపోయినా అతుకులు వదిలేసేవి. కార్బన్, అల్యూమినియం నేరుగా తగులుతూ ఉండి, మధ్యలోకి చెమట ఉప్పు చేరితే, అల్యూమినియం తుప్పు పట్టి తెల్లని పొడిగా ఉబ్బుతుంది. ఈనాటి ఫ్రేముల్లో మధ్యలో గాజు పోగుల పొర వేసి దాన్ని ఆపుతారు. అయినా సముద్రతీరంలో ఉండేవారు బాటిల్ కేజ్ మరలు, బాటమ్ బ్రాకెట్ (పెడళ్ల ఇరుసు తిరిగే చోటు) అంచుల దగ్గర తెల్లని పొడి ఉందేమో ఏడాదికోసారి చూసుకోవాలి. అల్యూమినియం సీట్ పోస్టును ఏళ్ల తరబడి కదపకుండా వదిలేస్తే ఫ్రేమ్‌లోనే బిగుసుకుపోతుంది.

వారంటీ సంగతీ గుర్తుంచుకోండి. బయట మరమ్మతు చేయిస్తే తయారీదారు వారంటీ మామూలుగా పోతుంది. అంతకంటే ముందు, ప్రమాదంలో పాడైన ఫ్రేమ్‌కు బదులు కొత్తదాన్ని తగ్గింపు ధరకు ఇచ్చే పథకం మీ కంపెనీకి ఉందేమో అడగండి. ఎప్పుడైనా అమ్మేటట్టయితే, మరమ్మతు జరిగిందని కొనేవారికి తప్పకుండా చెప్పండి.


కొల్లూరు రైడర్, హైదరాబాద్:

ఇంత ఓపికగా రాసిన అందరికీ కృతజ్ఞతలు. నిన్న ఆదివారం పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇదే పనిలో ఉన్నాను.

పెయింటు గీకి ఆల్కహాల్‌తో తుడిస్తే, 3 సెంటీమీటర్లు అనుకున్న గీత 5 దాకా తడిగా నిలిచింది. నాణెంతో తట్టితే మొద్దు శబ్దం ట్యూబ్ చుట్టూ కిందివైపుకు తిరిగి, మొత్తం 7 సెంటీమీటర్ల పొడవున వచ్చింది. కుండ పోలిక చదివాక చెవి ఇట్టే పట్టేసింది. చైన్ స్టే గాటు దగ్గర శబ్దం మారలేదు, దూది చిక్కుకోలేదు.

ఇంజినీరు గారూ, మీరు చెప్పకపోయి ఉంటే ఫోర్క్ జోలికి వెళ్లేవాడినే కాదు. స్టెమ్ విప్పి స్టీరర్ బయటికి తీస్తే, సరిగ్గా స్టెమ్ కింది అంచు బిగిసే చోట గోటికి తగిలే ఒక సన్నని వలయం ఉంది. ఆల్కహాల్ తుడిస్తే అందులో సగం మేర తడి నిలిచింది. ఇది మొన్నటి దెబ్బో, నేనే రెండేళ్లుగా టార్క్ రెంచ్ (బిగింపు బలాన్ని కొలిచే పనిముట్టు) లేకుండా చేతి అంచనాతో బిగించినందుకో తెలియదు. స్టీరర్ లోపల గోడకు ఆసరాగా ఉండాల్సిన ఎక్స్‌పాండర్ ప్లగ్ కూడా స్టెమ్ కంటే కిందికి జారి ఉంది. రెండు వారాలుగా నేను టాప్ ట్యూబ్ గురించే నిద్ర పోగొట్టుకున్నాను, ఇది నా చేతుల కిందే ఉంది.

ఆ ఫోర్క్‌ను ఎవరూ వాడకుండా రంపంతో రెండు ముక్కలు చేశాను, కొత్తదానికి ఆర్డరు పెట్టాను. కంపెనీకి రాస్తే నా మోడల్ ఇప్పుడు తయారీలో లేదన్నారు, అందువల్ల ఫ్రేమ్ మరమ్మతుకే పంపుతున్నాను. బేరింగులు, కేబుళ్లు తీసేశాను. పెన్సిలు గుర్తులు అలాగే ఉంచాను. వేడి పెట్టెలో గట్టిపరుస్తారా అని అడిగాకే మాట ఇచ్చాను. విజయవాడ వారి సలహా కూడా మనసులో ఉంది. 300 బ్రెవేకు ఉక్కు సైకిల్ అద్దెకు తీసుకుని చూస్తాను.

కొత్త ఫోర్క్ వచ్చాక స్టెమ్‌ను ఎంత టార్క్‌తో బిగించాలి? గ్రీజు పూయవచ్చా?


కాంపోజిట్ ఇంజినీరు, బెంగళూరు:

ఫోర్క్‌ను కోసేయడం చాలా మంచి పని. పగిలిన ఫోర్క్ చెత్తలోకి పోయినా ఎవరో ఒకరు ఏరుకుని అమ్ముతారు.

స్టెమ్ మీద, ఫోర్క్ మీద రెండు వేరు వేరు అంకెలుంటే తక్కువదాన్ని పాటించండి. కార్బన్ స్టీరర్లకు సాధారణంగా 5 న్యూటన్ మీటర్లు ఉంటుంది. ఆరంగుళాల ఎలెన్ కీతో చేతి బలం పెడితే దానికి రెట్టింపు సునాయాసంగా దాటుతుంది. రెండు మరలనూ ఒకేసారి కాక, ఒకటి కొంచెం, మరొకటి కొంచెం బిగిస్తూ రండి. గ్రీజు వద్దు, జారకుండా ఉండాలంటే ఇంకా బిగించాల్సి వస్తుంది. ఇసుకలాంటి గరుకు రేణువులుండే కార్బన్ పేస్టును పలుచగా పూస్తే తక్కువ టార్క్‌కే పట్టు వస్తుంది. ఎక్స్‌పాండర్ ప్లగ్ స్టెమ్ బిగిసే మేరకు సరిగ్గా వెనకే ఉండాలి, లోపలినుంచి గోడను మోసేది అదే. స్టీరర్ కోసేటప్పుడు స్టెమ్ పైన 5 మిల్లీమీటర్ల స్పేసర్ (వలయం) ఒకటి పట్టేలా వదలండి, అప్పుడు స్టెమ్ పై అంచు కూడా గోడ మీద నిండుగా కూర్చుంటుంది.

ఫ్రేమ్ తిరిగి వచ్చాక, తొక్కేముందు మరమ్మతు చేసిన మేర మొత్తం నాణెంతో ఒకసారి తట్టి, ఆ శబ్దాన్ని ఫోన్‌లో రికార్డు చేసి పెట్టుకోండి. ఆరు నెలలకొకసారి మళ్లీ తట్టి పోల్చుకుంటే మార్పు ఉందో లేదో తెలుస్తుంది. మొదటి వంద కిలోమీటర్లు మీ 23 కిలోమీటర్ల ట్రాక్ మీదనే, ఎవరినైనా తోడు పెట్టుకుని తొక్కండి.